నాక్కూడా బావగారి బీపీ

ఈ లోకంలో ఎవరికి ఏ జబ్బు చేసినా సరే, రెండు రోజులు తిరక్కుండా అది బావకు కూడా ఉండి తీరాలి. దగ్గయినా, దద్దుర్లయినా, మెడనొప్పయినా, ఎదుటివాడు చెప్పటం పూర్తికాకముందే ఆయన అరచెయ్యి గుండెల మీద పెట్టుకుని, కళ్ళు ఇంతింత చేసి, "నాక్కూడా!" అనేవాడు. ఆ మాటలో దిగులేమీ ఉండేది కాదు. తప్పిపోయిన చుట్టం సంతలో కనిపించినంత సంబరం ఉండేది. అందుకే ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. దర్జీ షాపుకు దారి అడిగితే, "నాక్కూడాగారి కొట్టా? అదుగో, మందుల షాపు పక్కన" అని చూపించేవాళ్ళు. మందుల షాపు పక్కన ఉండటం బావ అదృష్టమో, బావ పక్కన ఉండటం మందుల షాపువాడి అదృష్టమో చెప్పటం కష్టం.

ఎదురుగా చెప్పులు కుట్టే పెద్దాయనకు మోకాలు పట్టేసింది. కర్ర పట్టుకోవయ్యా అంటే, ఆ వయసు నాకింకా రాలేదని ఆయన గడప దిగటమే మానేశాడు. మర్నాటి నుంచి బావ కుంటటం మొదలుపెట్టాడు. పొద్దున కుడికాలు, సాయంత్రం ఎడమకాలు.

"ఇంతకీ ఏ కాలు బావా?" అని షాపులోనే ఉండే ఆయన బావమరిది నిలదీశాడు.

"నొప్పి నడుస్తోందిరా. నాకు నడక రాకపోయినా దానికొచ్చు."

చెప్పులాయన కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత ఇద్దరూ చెరో కర్ర కొనుక్కుని, సాయంత్రమయ్యేసరికి వీధి చివరిదాకా పోటీగా కుంటుకుంటూ వెళ్ళొచ్చేవాళ్ళు.

పూలమ్మే ఆవిడకు చెవిలో మిషను పెట్టారు. అది ఎవరి కంటా పడకూడదని ఆవిడ ఎండాకాలంలో కూడా తలకు గుడ్డ చుట్టుకుని కూర్చునేది. బావ రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని వెళ్ళి, "నీకు మిషనుతో సరిపోయింది తల్లీ, నాకు మిషను పెట్టినా లాభం లేదన్నారు" అని వీధంతా వినపడేలా అరిచాడు. కోటు కొలతలివ్వటానికొచ్చిన టీచరమ్మ కడుపుతో ఉండి, పాపం, వేవిళ్ళతో వాలిపోతుంటే, బావ కూడా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కూలబడ్డాడు. అప్పుడు మాత్రం బావ భార్య, మనందరికీ అక్క, వంటింట్లోంచి గరిటె పట్టుకుని బయటికొచ్చి, "ఏవండీ, ఇదొక్కటి మీకు రాదు. వదిలెయ్యండి" అని తేల్చి చెప్పేసింది.

ఈ బాధలన్నీ చూసి చూసి విసిగిపోయిన మనిషి ఒకడున్నాడు. అక్కకు తమ్ముడు, అంటే బావకు బావమరిది. షాపులో కత్తిరింపు అంతా అతనిదే కాబట్టి వీధిలో అందరూ మాస్టారు అనేవాళ్ళు. మనమూ అలాగే అందాం. కింద షాపు, పైన ఇల్లు. మాస్టారు కత్తిరిస్తాడు, బావ కుడతాడు, అక్క వచ్చినవాళ్ళతో మాట్లాడుతుంది, ఈ ఇద్దరి మధ్యా తీర్పులు చెబుతుంది. మాస్టారు పెళ్ళి చేసుకోలేదు. కత్తెరనే కట్టుకున్నాడని బావ ఎగతాళి చేసేవాడు. అందులో అబద్ధం ఎంతో లేదు. సుద్దతో గీత గీస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు, ఆ గీత మీద కత్తెర నడిస్తే గుడ్డకు కూడా తెలిసేది కాదు.

ఆ విద్య వాళ్ళ నాన్న దగ్గర వచ్చింది. బావ కూడా ఆయన శిష్యుడే, తర్వాత అల్లుడయ్యాడు. ముసలాయనకు ఒకరోజు కత్తిరించే బల్ల దగ్గరే కుడిచెయ్యి పడిపోయింది. మళ్ళీ కత్తెర పట్టలేదు. అప్పుడు కూడా ఈ మహానుభావుడు ఊరుకోలేదు. మామగారిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడే తన కుడిచెయ్యి చొక్కా జేబులో దోపుకుని, "నాక్కూడా తిమ్మిరెక్కింది" అంటూ ఎడమచేత్తో చెంచా పట్టుకుని, సూపంతా గడ్డం మీదుగా కార్చుకుంటూ తిన్నాడు. మాస్టారికి అది ఇప్పటికీ మరపు రాలేదు. మా నాన్న అంత కష్టంలో ఉంటే ఈయనకు వేళాకోళం కావాల్సి వచ్చిందా అని, ఆ కోపం కోటు లోపలి లైనింగులాగా అలా ఉండిపోయింది.

బావ కొత్త పిచ్చి ఏమిటంటే, షాపులోకి ఎవరొచ్చినా వాళ్ళ చేతికి సూదీ దారమూ ఇచ్చి ఎక్కించమనటం. "చెయ్యి వణుకుతోంది. పోస్టుమాన్‌కు వచ్చిందే, ఆ వణుకు" అనేవాడు. పోస్టుమాన్ వస్తే ఆయన చేత కూడా ఎక్కించుకునేవాడు.

ఇక మాస్టారి సంగతి. అతనికి కొన్నేళ్ళుగా షుగరు ఉంది. తెలిసిన రోజునే తీపి మానేశాడు. కేకు లేదు, మిఠాయి లేదు, టీలో చక్కెర లేదు. చెప్పొద్దూ, బావ ఆ రోజే "నాక్కూడా!" అని తన టీలోనూ చక్కెర మానేసి, ఆముదం తాగినట్టు మొహం పెట్టి తాగుతూ వచ్చాడు. మాస్టారు మొహం కూడా పెట్టలేదు. అంత పట్టుదల. అయితే ఒక గుమ్మం మూసి, పక్కనున్న గుమ్మం బార్లా తీశాడు. తీపి పోయిన నోటికి ఉప్పు మరిగాడు. ఊరగాయ లేనిదే ముద్ద దిగదు. సూపులో రెండుసార్లు ఉప్పు. అన్నిటికీ మించి బేకరీలో దొరికే ఉప్పు బిస్కెట్లు, రూపాయి బిళ్ళంతవి, గోధుమరంగువి, మధ్యలో నాలుగు చిల్లులున్నవి. కత్తిరించేటప్పుడు కుడిచేతిలో కత్తెర, ఎడమచేతిలో బిస్కెట్టు.

"అన్ని తినకురా" అని అక్క అంటే, "తీపి మానేశాను కదే! ఉప్పు కూడా మానేస్తే నేనెందుకు బతకటం?" అనేవాడు.

ఒకరోజు పెళ్ళికొడుకు కోటు కత్తిరిస్తుండగా మాస్టారికి తల దిమ్మెక్కింది, కళ్ళు బైర్లు కమ్మాయి. బల్ల పట్టుకుని నిలదొక్కుకున్నాడు. తర్వాత చూసుకుంటే కోటుకు రెండు ఎడమ చేతులు కత్తిరించి ఉన్నాయి.  మాస్టారు తన కుడిచేతి వేళ్ళు ముడిచి, విప్పి, మళ్ళీ ముడిచి చూసుకున్నాడు. అక్క షాపు తలుపు దగ్గరికి లాగేసి, తమ్ముణ్ణి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, వదిలి, మళ్ళీ కొట్టింది. "పైది నూట అరవై దాటింది" అంది.

"నేను తీపి ముట్టుకోనండీ" అన్నాడు మాస్టారు గర్వంగా.

"ఉప్పు?"

"ఉప్పు తీపి కాదు కదండీ!"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "షుగరున్న మనిషికి బీపీ కూడా తోడైతే రెండూ కలిసి పనిచేస్తాయి. కిడ్నీలు, కళ్ళు, గుండె, మెదడు, ఏదీ వదలవు. మీ నాన్నగారి సంగతి నేను మీకు చెప్పక్కర్లేదు. రోజు మొత్తానికి ఒక చిన్న చెంచాడు ఉప్పు, అదీ తక్కువగానే. వంటలో వేసింది ఒక్కటే కాదు, రొట్టెలో, బిస్కెట్లో, సాసులో, సూపు పొడిలో దాక్కున్నది కూడా లెక్కలోకే వస్తుంది. పళ్ళెంలో సగం కూరలూ ఆకుకూరలూ, పావు వంతు అన్నమో ముడిగోధుమ రొట్టో, మిగతా పావు పప్పుగింజలో చేపో గుడ్డో. పండు పండులాగానే తినండి, రసం తీసి తాగొద్దు. మాత్రలు రాస్తాను, బాగుందనిపించినా మానొద్దు. అన్నట్టు, ఏడాదికోసారి కళ్ళు చూపించుకోమన్నాను. చూపించుకున్నారా?"

మాస్టారు పైకప్పు కేసి చూశాడు. అక్కడ చూడటానికి ఫ్యాను తప్ప ఏమీ లేదు. చివరికి గొంతు తగ్గించి, "డాక్టరమ్మా, మీకు దణ్ణం పెడతాను. ఈ బీపీ సంగతి మా బావకి మాత్రం తెలియనివ్వకండి" అన్నాడు.

గుమ్మానికి కట్టిన పచ్చటి తెర అవతల నుంచి, "నాక్కూడా!" అని వినపడింది.

ఇంటికి వచ్చే దారంతా అదే గోల.

"నీకెంతరా బామ్మర్దీ? నూట అరవయ్యా? అంతేనా? నాకు నూట డెబ్భై!"

"ఎప్పుడు చూపించుకున్నావు?"

"చూపించుకోవటమెందుకు, నాకు లోపల తెలుస్తుంది."

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. తన చెయ్యి పోతుందేమోనన్న భయం గుండెల్లో రాయిలా ఉంటే, దాన్ని కూడా ఈయన లాక్కుని తొడుక్కుంటున్నాడు. మనిషికి సొంతంగా ఒక జబ్బు కూడా ఉండనివ్వడా!

ఆ మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర బావ సుద్దముక్క తీశాడు. నల్ల పింగాణీ పళ్ళెం బల్లమీద పెట్టి, మధ్యకు ఒక గీత, దాని సగానికి ఇంకో గీత గీశాడు. "ఇది కూరల భాగం. ఇది అన్నం. ఇది చేప. అంచు చుట్టూ అరంగుళం వదిలాను."

"అరంగుళం ఎందుకు?" అంది అక్క.

"కుట్టుకు వదలొద్దటే?"

మాస్టారు అలిగి అటు తిరిగి కూర్చున్నాడు. తిరిగి కూర్చున్నవాడు ఓరకంట పళ్ళెం చూశాడు. చూసినవాడు ఊరుకోలేకపోయాడు. "ఆ గీతేంటి, పాము పాకినట్టు? అది సగమా? టేపు పెట్టి చూడు, అన్నం వైపు ఎంత ఎక్కువొచ్చిందో!"

"ఎక్కువైతే లోపలికి మడిచి కుడతాం."

"అన్నాన్ని మడుస్తావా! జరుగు అవతలికి."

సుద్ద లాక్కుని మాస్టారు గీత సరిచేశాడు. సుద్ద కడుపులోకి పోతుందని అక్క అరిస్తే, అట్టముక్క తెచ్చి, కోటు మెడకు నమూనా కత్తిరించినంత శ్రద్ధగా, పళ్ళెం మీద సరిగ్గా కూర్చునే అడ్డుగోడలు కత్తిరించాడు. బావకొకటి, తనకొకటి. వడ్డించాక తీసేయటమే. వెంట్రుకవాసి తేడా రాలేదు. తాను కత్తిరించినదాన్ని తానే ఎలా కాదంటాడు? ఆ కొలతలోనే తినాల్సి వచ్చింది. బావ మాత్రం ముద్దముద్దకూ, "అబ్బా! ఉప్పు లేని కూర! ఈ నూట డెబ్భై నన్ను ఎన్ని పాట్లు పెడుతోందిరా దేవుడా!" అని వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేలా మూలిగేవాడు.

ఆ ఊపులో బావ ఎక్కడినుంచో ఉప్పుకు బదులు వాడే ఇంకో రకం ఉప్పు పొట్లం తెచ్చాడు. "ఉప్పగా ఉంటుంది కానీ ఉప్పు కాదు" అని చెప్పాడు. అక్కకు నమ్మకం కుదరక డాక్టరమ్మకు ఫోను చేసింది. ఆవిడ గయ్యిమంది. షుగరున్నవాళ్ళ కిడ్నీలకూ, ఆ బీపీ మాత్రలకూ అది పడకపోవచ్చట, రక్తపరీక్ష చూడకుండా ముట్టుకోవద్దట. బావ ఆ పొట్లాన్ని పట్టుకెళ్ళి, కొన్న చోటే తిరిగి ఇచ్చేసి వచ్చాడు. అక్క నిమ్మకాయ పిండింది, వెల్లుల్లి వేయించింది, మిరియాలు దంచింది. అయినా మొదటి వారం అన్నం తినటమంటే అట్ట నమూనాను కూడా కలిపి తింటున్నట్టే ఉంది.

ఇక్కడ ఒక దొంగతనం సంగతి చెప్పాలి. మాస్టారు బిస్కెట్లు మానలేదు. పెద్ద గుండీల డబ్బాలో, కోటు గుండీల అడుగున దాచాడు. అందరూ అటూ ఇటూ వెళ్ళినప్పుడు గుండీలు వెతుకుతున్నట్టు చెయ్యిపెట్టి ఒకటి నోట్లో వేసుకునేవాడు.

ఓ సాయంత్రం బ్యాంకు మేనేజరు గారు తన ఓవర్‌కోటు కోసం వచ్చారు. ఒక గుండీ తక్కువైంది. "క్షణంలో కుట్టేస్తాను, కూర్చోండి. ఈ సూదిలో కాస్త దారం ఎక్కించి పెట్టండి" అని బావ డబ్బాలో చెయ్యిపెట్టి, వేళ్ళతో తడిమి, ఒక గోధుమరంగు గుండీ తీశాడు. కోటుమీద పెట్టాడు. ఒక చిల్లులోంచి సూది పోనిచ్చాడు, ఇంకో చిల్లులోంచి వెనక్కి లాగాడు, దారం బిగించాడు. గుండీ పటుక్కున రెండు ముక్కలైంది. మేనేజరు గారి ఒళ్ళో ఉప్పు రాలింది.

 మేనేజరు గారు ఒక ముక్క తీసి చూసి, వాసన చూసి, "ఇది బిస్కెట్టు కదూ?" అన్నారు.

బావ ఒక్క క్షణం తెల్లబోయాడు. మరుక్షణంలో ఛాతీ విరుచుకుని, "దొరికాడు దొంగ! కావాలనే కుట్టాను! నా కళ్ళు కప్పుతావుట్రా?" అని మాస్టారి మీదికి వేలు చూపించాడు. మేనేజరు గారు నవ్వాపుకోలేక చచ్చారు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

"నీ వల్ల కాదులేరా" అన్నాడు బావ మేనేజరు గారు వెళ్ళాక, జాలిగా. "నూట అరవై వాడివి, ఆమాత్రానికే దొంగబతుకు బతుకుతున్నావు. నన్ను చూడు. నూట డెబ్భై! అయినా ఒక్క ఉప్పురవ్వ నా నాలిక మీద పడిందా? అందరికీ చేతనవుతుందా ఇది?"

ఆ మాట సూదిలా దిగింది. ఏ పనిలోనైనా సరే, వంకరగీత గీసే ఈ మనిషి ముందు ఓడిపోవటమా! మాస్టారు లేచి డబ్బా బోర్లించి, బిస్కెట్లన్నీ ఏరి పొట్లం కట్టి, ఎదుటి గోడమీద వాలే పిచ్చుకలకు వేద్దామని పరుగెత్తాడు. "ఆ ఉప్పు వాటికెందుకురా, వాటికేం పాపం!" అని అక్క ఆపింది. చివరికి చెత్తబుట్టలో పోశాడు.

అక్కడినుంచి పోటీ మొదలైంది. బావ మూలిగితే మాస్టారు మూలగడు. బావ ఇంకో రొట్టెముక్క అడిగితే మాస్టారు ఇంకో దోసకాయ ముక్క తీసుకుంటాడు. బేకరీలో రొట్టె పొట్లాల వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివి, ఏ రొట్టెలో ఉప్పు తక్కువో చూసి కొనేవాడు. బావ పక్కన నిలబడి, "నువ్వే చదువురా, నేను చదివితే కోపమొస్తుంది, కోపమొస్తే బీపీ పెరుగుతుంది" అనేవాడు. చెప్పులాయనతో కలిసి ముగ్గురూ సాయంత్రం నడక. ఊరగాయ జాడీ టీచరమ్మగారింటికి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు ఒక తమాషా జరిగింది. మందుల షాపువాడు ఆ ఉప్పు బిస్కెట్టే ఒకటి చేతిలో పెడితే, మాస్టారు కొరికి, తుపుక్కున ఊసేసి, "ఇదేంటయ్యా, సముద్రాన్ని ఎండబెట్టి అమ్ముతున్నారా? ఇది మనుషులు తింటారా?" అన్నాడు. అన్నాక తనకే ఆశ్చర్యమేసింది. అక్క చేసిన కూరలో కూర రుచి తెలుస్తోందని, ఉల్లిపాయలో తీపి ఉందని, అప్పుడు గమనించాడు.

మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు ముగ్గురూ కలిసే వెళ్ళారు. ఆవిడ పట్టీ చుట్టి, గాలి వదిలి, ఈసారి నవ్వింది. "నూట ఇరవై ఎనిమిది. షుగరు కూడా అదుపులో ఉంది. తిండి ఇలాగే సాగనివ్వండి, మాత్రలు కూడా. మీ కత్తెర చేతికి ఇక నేను కూడా కొత్త బట్టలివ్వొచ్చు."

మాస్టారు కుడిచెయ్యి ముడిచి, విప్పి చూసుకున్నాడు. ఎన్ని రోజులుగానో పట్టి ఉంచిన ఊపిరి వదిలాడు. వదిలిన వెంటనే గెలిచినవాడి పొగరు తలకెక్కింది. "డాక్టరమ్మా, ఇప్పుడు మా బావకి చూడండి. నూట డెబ్భై ఎంతకు దిగిందో తేల్చాలి."

బావ అప్పటికే తలుపు దగ్గరున్నాడు. "నాకు ఇస్త్రీ పెట్టె ఆపిన గుర్తు లేదురా" అంటున్నాడు. తలుపుకు అడ్డంగా అక్క నిలబడింది. పట్టీ చుట్టారు. గాలి కొట్టారు. డాక్టరమ్మ చూసి, "నూట పద్దెనిమిది. ఇంత చక్కటి బీపీ ఈమధ్య నేను చూళ్ళేదు" అంది.

"మీ మిషను పాడైనట్టుంది డాక్టరమ్మా" అన్నాడు బావ.

"పోయినసారీ ఇంతే, అంతకుముందూ ఇంతే. మీకు బీపీ ఎప్పుడుంది గనక? షుగరు కూడా లేదు."

"షుగరు కూడా లేదా?" మాస్టారు కుర్చీలోంచి లేచాడు. "మరి ఇన్నేళ్ళుగా ఆ చప్పటి టీ..."

బావ ఇస్త్రీ పెట్టె గుర్తొచ్చిందంటూ అక్క చెయ్యి కిందనుంచి దూరి పారిపోయాడు.

దారిలో మాస్టారు మండిపడుతూనే ఉన్నాడు. "మోసం! పచ్చి మోసం! నన్ను వెర్రివెధవని చేసి ఆడించాడు!"

"టీలో మూడు చెంచాల చక్కెర వేసుకునే మనిషిరా ఆయన" అంది అక్క. "నీకు షుగరని తెలిసిన రోజు నువ్వు గ్లాసు పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నావు. గుర్తుందా? ఆయన వచ్చి నీ పక్కన కూర్చుని, నాక్కూడా వెయ్యొద్దే అన్నారు. ఆ తర్వాత నువ్వు లేనప్పుడు కూడా వేసుకోలేదు. ఒకసారి నేనే వేసిస్తే, వాడొస్తే పసిగడతాడే అన్నారు."

మాస్టారి నడక నెమ్మదించింది.

"నాన్నప్పుడు కూడా అంతే" అంది అక్క. "ఎడమచేత్తో తినటం రాక, అందరి ముందూ ఒలికిపోతుందని, నాన్న రెండు రోజులు తిండే మానేశారు. ఈయన ఎదురుగా కూర్చుని, కావాలని గడ్డం నిండా సూపు కార్చుకుంటే, నాన్న చూసి చూసి, 'ఒరేయ్, చెంచా అలా కాదు పట్టుకోవాల్సింది' అని తన చెంచా తీశారు. నువ్వు కోపంతో అవతల గదిలోకి వెళ్ళిపోయావు. మిగతాది చూళ్ళేదు."

చెప్పులాయన కర్ర గుర్తొచ్చింది. పూలమ్మే ఆవిడ ఇప్పుడు తలకు గుడ్డ లేకుండా కూర్చుంటుందని గుర్తొచ్చింది. మాస్టారికి సిగ్గేసింది, ప్రేమా పొంగింది. రెండూ ఒకేసారి వచ్చేసరికి ఏం చెయ్యాలో తోచక, దారిపక్కన నిలబడి చెప్పులో లేని రాయి దులుపుకున్నాడు.

షాపుకు వచ్చేసరికి బావ కిటికీ దగ్గర వెలుతురులో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో సూది, ఒక చేతిలో దారం. వీళ్ళు వచ్చింది గమనించలేదు. దారం కొస నోట్లో తడిపి, సూది పక్కగా పోనిచ్చాడు. మళ్ళీ పక్కగా పోనిచ్చాడు. చెయ్యి వణకటం లేదు. రాయిలా నిలకడగా ఉంది. మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయాడు. గుండీ అనుకుని బిస్కెట్టు కుట్టినప్పుడు ఆయన తెల్లబోయిన ఆ ఒక్క క్షణం కళ్ళముందు మెదిలింది. రొట్టె పొట్లాల మీది చిన్న అక్షరాలు గుర్తొచ్చాయి. లోకంలోని జబ్బులన్నీ డప్పు కొట్టి చెప్పుకున్న ఈ పెద్దమనిషి, సొంతానికి ఒకటి వచ్చేసరికి నోరు మెదపలేదు. దర్జీకి కళ్ళు పోతున్నాయంటే ఇంకేముందని భయపడ్డాడు కాబోలు.

మాస్టారు మెల్లగా వెళ్ళి పక్కన నిలబడ్డాడు. "బావా, నీతో ఒకటి చెప్పాలి. ఎవరికీ చెప్పకు. నాకీమధ్య సూది బెజ్జం కనపడటం లేదు. గీతలు కూడా పొగమంచులో ఉన్నట్టున్నాయి. భయంగా ఉంది."

బావ చెయ్యి గుండెల మీదికి వెళ్ళలేదు. కళ్ళు పెద్దవి కాలేదు. దారం కొస వేలికి చుట్టుకుంటూ, వినీ వినపడకుండా, "నాక్కూడారా" అన్నాడు.

ఆయన నోట ఆ మాట నిజంగా రావటం అదే మొదలు.

"అయితే రేపు ఇద్దరం చూపించుకుందాం. ఎలాగూ డాక్టరమ్మ నన్ను పొమ్మనే చెప్పింది. ఒక్కణ్ణే వెళ్ళాలంటే నాకు భయం."

"నీకు భయమైతే సరే, తోడొస్తాను" అన్నాడు బావ, కాస్త గొంతు పెంచి. "ఇంతకీ నీకు ఎంత మసక?"

"చాలా మసక."

"నాకు అంతకంటే ఎక్కువ."

కళ్ళ డాక్టరు బావ కళ్ళలోకి దీపం వేసి చూసి, శుక్లాలన్నాడు. చిన్న ఆపరేషన్లు, ఒకదాని తర్వాత ఒకటి చేస్తే సూదిలో దారం తానే ఎక్కించుకోవచ్చన్నాడు. తర్వాత మాస్టారి కళ్ళలో చుక్కలు వేసి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "మీకు ఇన్నేళ్ళ షుగరున్నా కళ్ళు అద్దాల్లా ఉన్నాయి. మసకేమీ లేదే!" అన్నాడు.

"మీ మిషను పాడైనట్టుంది డాక్టరుగారూ" అన్నాడు మాస్టారు. బావ అటు తిరిగి గోడమీది అక్షరాల పట్టిక కేసి చూస్తూ, భుజాలు కదిలేలా నవ్వాడు.

మొదటి ఆపరేషన్ అయ్యాక బావ షాపులోకి దిగనన్నాడు. అందరి జబ్బులూ వీధిలో ఊరేగించినవాడికి తన కంటికట్టు చూపించటానికి మొహం చెల్లలేదు. పైన మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. అక్క బతిమాలింది, తిట్టింది. కదల్లేదు.

కాసేపటికి మెట్లమీద ఎవరో గోడకు గుద్దుకుంటూ వస్తున్న చప్పుడైంది. మాస్టారు. కోటు లైనింగు గుడ్డ చక్కగా కత్తిరించి, అంచులు మడిచి కుట్టి, ఒక కంటికి కట్టుకుని ఉన్నాడు. అరచెయ్యి గుండెల మీద పెట్టుకుని, "బావా! నాక్కూడా!" అన్నాడు.

బావ దుప్పటి దించి, కట్టు లేని ఒక్క కంటితో పైనుంచి కిందికి చూశాడు. "నీది ఏ కన్నురా?"

"ఎడమది."

"పొద్దున కుడికంటికి కట్టుకుని తిరిగావట! మీ అక్క చెప్పింది."

"నొప్పి నడుస్తోంది బావా."

బావ లేచి కూర్చున్నాడు. దుప్పటి మడత పెట్టాడు. "పద, కిందికి పోదాం. నువ్వొక్కడివే దిగితే పడతావు" అని బావమరిది భుజం పట్టుకున్నాడు. ఇద్దరూ చెరో కన్నుతో, చెరో గోడకూ గుద్దుకుంటూ మెట్లు దిగి షాపు తెరిచారు. అక్క ఇద్దరికీ చక్కెర లేని టీ తెచ్చిచ్చింది. బావ ఆముదం తాగినట్టు మొహం పెట్టి తాగాడు. ఆ రోజు కుట్టిన చొక్కాల్లో ఒక్కదానికీ రెండు చేతులూ సమానంగా రాలేదు.